2050లో మన ఊళ్ళో ఒక రోజు: పాప హోంవర్క్, నా తలనొప్పి

ఫ్రైబుర్గ్_నాన్న
మా పాప ఇక్కడ జర్మనీలో నాలుగో క్లాసు. "2050లో మన ఊళ్ళో ఒక రోజు" అని ఒక పేజీ రాసుకు రమ్మన్నారు. బొగ్గు, పెట్రోలు, గ్యాస్ ఏవీ లేని కాలంలో మామూలు మనుషుల రోజు ఎలా గడుస్తుందో పిల్లలు ఊహించాలట. నేను వేలు పెట్టలేదు, తనే రాసింది. నాకు చేతనైన తెలుగులో పెడుతున్నా:

"నాకు 34 ఏళ్ళు. పొద్దున బట్టలు ఉతకను, ఇంకా ఎండ రాలేదు కాబట్టి. ఎండ వచ్చాక మెషీన్ తనంతట తనే మొదలవుతుంది. మా వీధిలో కార్లు లేవు. పాత పార్కింగ్ బిల్డింగ్‌లో ఇప్పుడు సైకిళ్ళు బాగుచేస్తారు, పైన పిల్లలు స్కేటింగ్ చేస్తారు. జూలైలో ఎండలకి బడి పదింటికే వదిలేస్తారు. విమానాలు లేవు. తాతయ్య మా కింద అంతస్తులో ఉంటాడు. డాబా మీద గోంగూర వేశాడు. సాయంత్రం వంకాయ కాలుస్తాడు."

దాని కింద టీచరమ్మ ఆకుపచ్చ ఇంకుతో రాసింది: "చాలా బాగుంది. కానీ విమానాలు లేకపోతే తాతయ్య ఇండియా నుంచి ఎలా వచ్చాడు?" సోమవారానికి జవాబు రాసుకెళ్ళాలి. పాప నన్ను అడిగింది. తాతయ్యంటే మా నాన్న, ఇప్పుడు తెనాలిలోనే ఉంటాడు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందా?

ఉట్రెక్ట్_ఉమ
తాతయ్య సంగతి తర్వాత, ముందు వంకాయ ఎలా కాలుస్తాడో అడగండి. మా డచ్ దేశంలో 2018 జూలై నుంచి కొత్తగా కట్టే ఇళ్ళకి గ్యాస్ కనెక్షనే ఇవ్వడం లేదు. మా ఇల్లూ అంతే. ఇండక్షన్ మీద వంకాయ పెడితే వంకాయ మిమ్మల్ని చూస్తుంది, మీరు వంకాయని చూస్తారు.

కొంప_కొల్లేరు
😂😂

తెనాలి_తమ్ముడు
మాది తెనాలే. తాతయ్యది ఏ పేట?

ఫ్రైబుర్గ్_నాన్న
తమ్ముడూ, ఇక్కడ పేట చెబితే రేపు మీ పెద్దమ్మ మా నాన్నకి ఫోన్ చేస్తుంది. వదిలెయ్.

సణుగుడు_సుబ్బారావు
పిల్లని ఏమీ అనను, ముద్దుగా రాసింది. పెద్దవాళ్ళ కోసం చెబుతున్నా. కార్లు లేని వీధి, ఎండని బట్టి తిరిగే వాషింగ్ మెషీన్, ఇవన్నీ జీతం టైముకి పడేవాళ్ళ కలలు. నేను స్టుట్‌గార్ట్ పక్కన కార్ల విడిభాగాల కంపెనీలో 11 ఏళ్ళుగా చేస్తున్నా. మేం చేసేది ఇంజన్లో లోపలి భాగం. ఎలక్ట్రిక్ కారులో ఆ భాగం ఉండదు. మా షాపులో రెండు లైన్లు ఆపేశారు. 2035 తర్వాత కొత్త పెట్రోల్ కారు అమ్మకూడదన్నారు, ఇప్పుడేమో కొంచెం సడలిద్దామంటున్నారు, మధ్యలో మాకు ఇంటి లోను తీసుకోవాలా వద్దా తెలియదు. ఆ పార్కింగ్ బిల్డింగ్‌లో సైకిళ్ళు బాగుచేసేది బహుశా నేనే అయ్యుంటాను.

వియన్నా_వెంకట్
సుబ్బారావు గారూ, మీ బాధ నిజమే, కానీ బాగుచేసేవాడి పనిని మరీ అంత తక్కువగా చూడకండి. మా మిక్సీ ఆగిపోయింది, ఇండియా నుంచి మోసుకొచ్చిన మూడు జార్ల మిక్సీ. ఇక్కడ ఆస్ట్రియా ప్రభుత్వం 2022లో రిపేర్ బోనస్ అని పెట్టింది, ఇంట్లో వాడే కరెంటు సామాను బాగుచేయించుకుంటే ఖర్చులో సగం, 200 యూరోల దాకా వాళ్ళే కట్టేవాళ్ళు. షాపాయన మిక్సీ విప్పి, కింద కప్లర్ అరిగిపోయిందని చూపించి, ఆ ముక్క దొరకదని తనే లోహంతో చెక్కి వేశాడు. అన్నీ అయ్యాక అడిగాడు: ఒక్క మోటారుకి మూడు గిన్నెలెందుకు? చట్నీ, పొడి, పిండి అని చెప్పడానికి పావుగంట పట్టింది. అలాంటి పనిమంతుడు దొరకడమే కష్టంగా ఉంది ఇక్కడ, ఆయన వయసు అరవై దాటింది, తర్వాత షాపు చూసేవాడు లేడు.

తెనాలి_తమ్ముడు
ఇవన్నీ మనకి ఎప్పుడో ఉన్నవే కదా అన్నా. పాత పేపర్లు కొనేవాడు, పాత బట్టలకి స్టీలు గిన్నె ఇచ్చేవాడు, మిక్సీ బాగుచేసేవాడు, సోడా సీసా వెనక్కివ్వడం. యూరప్ వాళ్ళు ఇప్పుడు కనిపెట్టినట్టు చెబుతారేంటి.

ఉట్రెక్ట్_ఉమ
తమ్ముడూ, నువ్వు చివరిసారి స్టీలు గిన్నెకి పాత బట్టలు ఇచ్చింది ఎప్పుడు?

తెనాలి_తమ్ముడు
...మా అమ్మ ఇచ్చేది.

ఉట్రెక్ట్_ఉమ
అదీ సంగతి.

కరెంటు_కామేశం
వాషింగ్ మెషీన్ గురించి ఆ పాప రాసింది 2050 దాకా ఆగక్కర్లేదు, ఇప్పుడే అవుతోంది. నేను ఈ రంగంలోనే ఉన్నా కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా, ఓపిక లేనివాళ్ళు దాటేయండి.

ఎండ బాగా ఉన్న ఆదివారం మధ్యాహ్నం జర్మనీలో సోలార్ కరెంటు కుప్పలుగా వస్తుంది, ఫ్యాక్టరీలు మూసి ఉంటాయి, కొనేవాడు ఉండడు. అప్పుడు హోల్‌సేల్ బజారులో ధర సున్నా కిందకి పోతుంది, అంటే కరెంటు తీసుకున్నవాడికే ఎదురు డబ్బులు. 2024లో ఇలాంటి గంటలు 457 వచ్చాయి. అదే రోజు సాయంత్రం ఎండ తగ్గిపోతుంది, అందరూ వంట మొదలుపెడతారు, ధర ఒక్కసారి లేస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న గొయ్యిని ఎలా పూడ్చాలన్నదే రాబోయే పాతికేళ్ళ గొడవంతా. బ్యాటరీలు పెడతారు, కార్లని ఆ టైములో చార్జ్ చేస్తారు, నీళ్ళ ట్యాంకు వేడిచేసి పెట్టుకుంటారు, మిగిలింది మన అలవాట్లు మార్చుకోవడం. 2025 నుంచి జర్మనీలో ప్రతి కరెంటు కంపెనీ గంటగంటకీ మారే ధరల ప్లాన్ ఒకటి ఇచ్చి తీరాలి, కానీ దానికి స్మార్ట్ మీటర్ కావాలి, అది ఉన్న ఇళ్ళు ఇంకా తక్కువే. ఇంకో మాట, హోల్‌సేల్‌లో సున్నా అయినంత మాత్రాన మీ బిల్లు సున్నా కాదు. తీగల చార్జీలు, పన్నులు అలాగే ఉంటాయి. నేను ఇంట్లో చెప్పి చెప్పి అలిసిపోయా, మా ఆవిడ "ధర మైనస్ అన్నావు, మరి బిల్లు ఎందుకొచ్చింది" అంటుంది.

ఉట్రెక్ట్_ఉమ
ఇక్కడ ఇంకా ఘోరం కామేశం గారూ. తీగలే చాలడం లేదు. కొత్త కంపెనీ కరెంటు కనెక్షన్ అడిగితే ఏళ్ళ తరబడి క్యూ. సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా వాడకం తగ్గించుకోండని ప్రభుత్వమే టీవీలో చెబుతోంది. నాలుగు నుంచి తొమ్మిదంటే మన వంట మొత్తం అందులోనే. నేనిప్పుడు ఇడ్లీ పిండి మధ్యాహ్నం రుబ్బుతున్నా, ఇంటినుంచి పనిచేసే రోజు మీటింగ్‌లో మ్యూట్ పెట్టి. పైగా పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టుకున్నవాళ్ళకి ఇచ్చిన కరెంటూ తీసుకున్న కరెంటూ లెక్క కొట్టేసే పద్ధతి 2027 జనవరి 1తో పోతుంది. మా వీధి వాట్సాప్ గ్రూపులో ఇదే గోల.

కొంప_కొల్లేరు
మీటింగ్‌లో గ్రైండర్ 😭 అన్‌మ్యూట్ అయిపోతే?

ఉట్రెక్ట్_ఉమ
అయింది. రోడ్డు పనులు జరుగుతున్నాయని చెప్పా.

ఫ్రైబుర్గ్_నాన్న
కామేశం గారి పోస్ట్ పాపకి చదివి వినిపించా. "అంటే నేను రాసింది కరెక్టేనా" అంది. కరెక్టే అన్నాను. మేమూ బాల్కనీకి రెండు సోలార్ పలకలు తగిలించాం. పలకల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే 800 వాట్ల ఇన్వర్టర్, మామూలు ప్లగ్గులోనే పెట్టేయచ్చు. ఇంతకుముందు ఇంటి ఓనర్ ఒప్పుకోవాలి, 2024 అక్టోబర్ నుంచి సరైన కారణం లేకుండా కాదనడానికి లేదు. మా ఓనర్ అయినా ఒప్పుకోలేదు, బిల్డింగ్ అందం పాడవుతుందని నాలుగు నెలలు ఉత్తరాలు నడిపాడు. ఇప్పుడు ఆయనే తన బాల్కనీకి పెట్టించుకున్నాడు, మాకన్నా పెద్దవి.

కార్లు లేని వీధి కూడా పాప ఊహించింది కాదు, వోబాన్‌లో చూసింది. మా ఊళ్ళోనే, ట్రామ్‌లో పావుగంట. ఒకప్పుడు ఫ్రెంచి సైన్యం బ్యారక్‌లు, 1992లో వాళ్ళు ఖాళీ చేశాక ఊరివాళ్ళు కూర్చుని మాట్లాడుకుని కట్టుకున్న పేట. కారున్నవాళ్ళు పేట అంచున పార్కింగ్ బిల్డింగ్‌లో చోటు కొనుక్కోవాలి, అదీ బోలెడంత ఖరీదు. లేనివాళ్ళు మాకు కారు లేదని సంతకం పెట్టాలి. నడివీధిలో పిల్లలు సుద్దముక్కలతో గీతలు గీసి ఆడుకుంటుంటే సైకిళ్ళే పక్కనుంచి పోతాయి. పాప స్నేహితురాలి ఇల్లు అక్కడే. మనకి అక్కడ అద్దె అందదు, అది వేరే కథ.

సణుగుడు_సుబ్బారావు
"అది వేరే కథ" కాదు సార్, అదే అసలు కథ.

ఫ్రైబుర్గ్_నాన్న
ఒప్పుకుంటున్నా.

వియన్నా_వెంకట్
అందుకే అద్దెల సంగతి మా ఊరిని చూడమంటాను. వియన్నాలో దాదాపు సగం జనం నగరం కట్టిన ఇళ్ళలోనో, ప్రభుత్వ సాయంతో కట్టిన ఇళ్ళలోనో ఉంటారు. వందేళ్ళ కిందట మొదలుపెట్టారు. ఇల్లు పచ్చగా ఉండడం కంటే ముందు ఇల్లు ఉండాలి కదా.

మోడరేటర్
ఏ పార్టీ కట్టింది, ఏ పార్టీ ఆపింది అనే దారిలోకి వెళ్ళకండి. పోయినసారి ఇలాగే మొదలై అమరావతి దాకా వెళ్ళింది.

పారిస్_పద్మ
నాకు ఆ పాప రాసిన దాంట్లో గుచ్చుకున్నది జూలై బడి. మిగతావన్నీ వస్తాయో రావో, అది మాత్రం వస్తుంది. 2019 జూలై 25న పారిస్‌లో 42.6 డిగ్రీలు. మేం అప్పుడు ఆరో అంతస్తులో, రేకు కప్పు కింద ఉండేవాళ్ళం. ఇక్కడి పాత బిల్డింగుల పైకప్పులు జింకు రేకులు, ఫోటోల్లో అందంగా ఉంటాయి, కింద పడుకునేవాడికి తెలుస్తుంది. ఏసీ లేదు, ఫ్యాన్ కొందామంటే ఊరంతా స్టాక్ లేదు. తడి దుప్పటి కిటికీకి కట్టి, టబ్బులో నీళ్ళు పోసుకుని కాళ్ళు పెట్టుకుని కూర్చున్నా. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి "ఒంగోలులో ఉన్నా ఇంతకంటే నయం కదే, అక్కడికెందుకెళ్ళావు" అంది. కరెక్టే, ఒంగోలు ఇల్లు ఎండ కోసం కట్టింది, పారిస్ ఇల్లు చలి కోసం కట్టింది. 2003 ఎండలకి ఒక్క ఫ్రాన్స్‌లోనే 15 వేల మంది దాకా పోయారు, ఎక్కువమంది ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళు. 2023 అక్టోబర్‌లో నగరంవాళ్ళు 50 డిగ్రీలు వస్తే ఏం చేయాలని రిహార్సల్ కూడా చేశారు, బడిపిల్లల్ని కలుపుకుని.

మంచిమాట కూడా ఒకటి. 1923 నుంచి సేన్ నదిలో ఈత నిషేధం, 2025 జూలైలో మూడుచోట్ల జనానికి తెరిచారు. నేను దిగా. నీళ్ళు పచ్చగా ఉన్నాయి, పచ్చదనం అంటే ఇదేనేమో అనుకున్నా. ఏమీ కాలేదు, రెండు రోజులు మా ఆయన నన్ను అనుమానంగా చూశాడు అంతే.

కోపెన్‌హాగెన్_కోటి
మా దగ్గర చెత్త తగలబెట్టే ప్లాంటు కప్పు మీద స్కీయింగ్ చేస్తారు, జోక్ కాదు. ఆ వేడి పైపుల్లో ఊరికి వస్తుంది, ఇళ్ళు వెచ్చగా ఉంటాయి, దాదాపు ఎవరింట్లోనూ బాయిలర్ ఉండదు. చూడ్డానికి వచ్చిన మావాళ్ళందరినీ అక్కడికే తీసుకెళ్తా. కానీ ప్లాంటు అవసరానికి మించి పెద్దది కట్టేశారు, దాన్ని నింపడానికి బయటి దేశాల నుంచి చెత్త తెప్పించుకున్నారు. 2025 కల్లా కార్బన్ లెక్క సున్నా చేస్తామన్న మొదటి రాజధాని మాదే, 2022లోనే మావల్ల కాదని చెప్పేశారు. సిగ్గుపడకుండా చెప్పారు, అది నచ్చింది నాకు. మంచు పడిన రోజు మాత్రం కారు రోడ్డుకంటే ముందు సైకిల్ దారే శుభ్రం చేస్తారు, దానికోసం పన్ను ఎంత అడిగినా కడతా.

తెనాలి_తమ్ముడు
దిగుమతి చెత్త. మా మున్సిపాలిటీవాళ్ళకి చెబితే ఎగుమతి మొదలుపెడతారు.

సణుగుడు_సుబ్బారావు
టీచరమ్మ ప్రశ్న ఎవరూ ముట్టుకోవడం లేదు. మనందరి ఇళ్ళలో సైకిలుంది, గుడ్డసంచి ఉంది, మూత వేలాడే ప్లాస్టిక్ సీసాతో ముక్కుకి దెబ్బలు తగిలించుకుంటున్నాం. ఏడాదికోసారి హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కుతున్నాం. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఒకవైపే ఏడు వేల కిలోమీటర్లు పైన. ఆ ఒక్క ప్రయాణంతో మీ బాల్కనీ పలకలు ఏడాదంతా మిగిల్చింది పోతుంది, ఇంకా మనమే బాకీ. అది మానేసేవాళ్ళు చెయ్యెత్తండి.

(ఎవరూ ఎత్తరని తెలుసు. నేనూ ఎత్తను.)

పారిస్_పద్మ
ఎత్తను. అమ్మకి 74.

ఉట్రెక్ట్_ఉమ
ఎత్తను. సిగ్గుగానే ఉంది, అయినా ఎత్తను.

కరెంటు_కామేశం
విమానాలు పూర్తిగా పోవు. యూరప్ చట్టం ప్రకారం ఇక్కడి ఎయిర్‌పోర్టుల్లో పోసే ఇంధనంలో మామూలు పెట్రోలియం కానిది 2025లో 2 శాతం, 2030లో 6, 2050 కల్లా 70 శాతం ఉండాలి. వాడేసిన వంటనూనె నుంచి చేస్తారు, ముందుముందు కరెంటుతో చేస్తారు. ఎగరడం ఉంటుంది, టిక్కెట్టే అందకుండా పోవచ్చు. బ్యాటరీతో ఏడు వేల కిలోమీటర్లు మాత్రం ఆశ పెట్టుకోకండి, బ్యాటరీ బరువుకే లేవదు.

కొంప_కొల్లేరు
వాడేసిన వంటనూనెతో విమానమా. గారెలు వేసిన నూనె దాచిపెడుతున్నా ఈరోజు నుంచి.

అర్ధరాత్రి_రైలు
ఎవరూ భూమార్గం అనడం లేదేంటి? 1957లో లండన్ నుంచి కలకత్తాకి బస్సు నడిచింది. నేను వియన్నా నుంచి ఇస్తాంబుల్ దాకా రైళ్ళు మారుతూ వెళ్ళా, రెండు రాత్రులు, బల్గేరియా సరిహద్దులో నిద్రలేపి పాస్‌పోర్ట్ చూశారు. అక్కడి నుంచి ఇరాన్, పాకిస్తాన్...

సణుగుడు_సుబ్బారావు
71 ఏళ్ళాయన్ని మోకాళ్ళ నొప్పులతో క్వెట్టా మీదుగా రమ్మంటావా బాబూ?

ఫ్రైబుర్గ్_నాన్న
నాన్న వయసు 71 అని ఎలా తెలుసు?

సణుగుడు_సుబ్బారావు
పోయినేడు ఇన్సూరెన్స్ థ్రెడ్‌లో 70 అని మీరే రాశారు. ఆ లెక్కన 2050లో ఆయనకి 95. గోంగూర కోస్తున్నాడంటే మీ పాపకి తాతగారి మీద మంచి నమ్మకమే.

స్టేట్‌లెస్_శైలు
ఇంతసేపూ విమానం గురించే కొట్టుకుంటున్నారు, ఆ కింద అంతస్తులో ఉండడానికి తాతయ్యకి వీసా ఎవరిస్తారు? మేం మా అత్తమామల కోసం తిరిగాం కాబట్టి చెబుతున్నా. విజిటర్ వీసా మీద వస్తే 180 రోజుల్లో 90 రోజులు, తర్వాత లేచి వెళ్ళిపోవాలి. జర్మనీలో స్కిల్డ్ ఉద్యోగుల అమ్మానాన్నలు వచ్చి ఉండొచ్చని కొత్త రూలు పెట్టారు, కానీ మొదటి రెసిడెన్స్ పర్మిట్ 2024 మార్చి 1 నుంచి తీసుకున్నవాళ్ళకే. అంతకుముందు వచ్చి పదేళ్ళు పన్ను కట్టినవాళ్ళకి లేదు. ఉన్నవాళ్ళకి కూడా, ఆయన ఖర్చులు మనమే చూస్తామని, ముసలాయనకి పూర్తి హెల్త్ ఇన్సూరెన్స్ ఉందని చూపించాలి. ఆ వయసులో ఎవరిస్తారు ఇన్సూరెన్స్? మా పక్కింటి జర్మన్ ఆవిడకి 86, ఒక్కతే ఉంటుంది, ఆమెకి మందులిచ్చి వెళ్ళే నర్సు కేరళ అమ్మాయి. ఆ అమ్మాయి అమ్మ కొట్టాయంలో ఒక్కతే ఉంటుంది. ఇంత కంటే వేస్ట్ ఏముంది చెప్పండి, చెత్త డబ్బాలు నాలుగు రంగుల్లో పెడితే సరిపోతుందా.

పారిస్_పద్మ
...

వియన్నా_వెంకట్
పర్మిట్ తేదీ సంగతి నాకు తెలియదు. అంటే ముందొచ్చినవాళ్ళకి లేదా?

స్టేట్‌లెస్_శైలు
లేదు. మా ఆయన 2016లో వచ్చాడు. లాయర్‌కి డబ్బులు కట్టి మరీ తెలుసుకున్నాం.

ఫ్రైబుర్గ్_నాన్న
నేను 2014. సరే.

అర్ధరాత్రి_రైలు
పాపకి ఇదంతా చెప్పకండి సార్ ప్లీజ్.

ఉట్రెక్ట్_ఉమ
టాపిక్ మారుస్తా, వంకాయ సమస్య తేలింది. ఓవెన్‌లో పైన ఎర్రగా కాలే గ్రిల్లు ఉంటుంది కదా, దానికి రెండంగుళాల దూరంలో జాలీ మీద పెట్టి, చాకుతో నాలుగు గాట్లు పెట్టండి, లేకపోతే పేలుతుంది (నాకు పేలింది, ఓవెన్ కడగడానికి ఆదివారం పోయింది). ఇరవై నిమిషాలకి తొక్క నల్లగా ముడతలు పడుతుంది. పొగ వాసన మాత్రం రాదు. ఆ వాసన కోసం మా ఆయన చిన్న బొగ్గు నిప్పు చేసి పచ్చడి గిన్నెలో పెట్టి, నెయ్యి చుక్క వేసి మూత పెట్టాడు. ఫైర్ అలారం మోగింది. పక్కింటాయన పైజమాలో వచ్చాడు, పచ్చడి తిని వెళ్ళాడు.

కరెంటు_కామేశం
మధ్యాహ్నం ఒంటిగంటకి కాల్చండి, చవక.

ఫ్రైబుర్గ్_నాన్న
అప్‌డేట్. పాప నన్ను అడగడం మానేసి తనే జవాబు రాసుకుంది: "తాతయ్య విమానాలు ఆగిపోకముందే వచ్చేశాడు. వచ్చి వెళ్ళలేదు." అంతే, రెండు వాక్యాలు. నిన్న తెనాలికి ఫోన్ చేసి అది మొత్తం చదివి వినిపించింది. ఆయన అంతా విని, "కింద అంతస్తంటున్నావు, ఎండ తగులుతుందా తల్లీ? ఆవకాయ ముక్కలు ఎక్కడ ఆరబెట్టను?" అన్నాడు. పాప పరిగెత్తుకెళ్ళి బొమ్మలో కింద అంతస్తుకి ఇంకో కిటికీ గీసింది.

తెనాలి_తమ్ముడు
మార్కులెన్ని వచ్చాయి?

ఫ్రైబుర్గ్_నాన్న
2.

తెనాలి_తమ్ముడు
రెండా!! ఇంత రాస్తే రెండా?

వియన్నా_వెంకట్
తమ్ముడూ, అక్కడ 1 అంటే ఫస్టు, 6 అంటే ఫెయిలు. 2 అంటే బాగా వచ్చినట్టు.

సణుగుడు_సుబ్బారావు
ఆ సంగతి తాతగారికి ముందే చెప్పండి, వందకి రెండనుకుంటారు.

ఫ్రైబుర్గ్_నాన్న
అనుకున్నారు. పొద్దున్నే ఫోన్ చేసి టీచర్‌తో మాట్లాడతానంటున్నారు.